టీ తాగాకే కొలత

తాడేపల్లిగూడెం,
8 సెప్టెంబరు 2025

మావయ్యగారికి పెర్సిస్ వందనాలు.

ఎలా ఉన్నారండీ? ఫోను చేద్దామంటే మీకు వినపడదు. మొన్న నేను వేసిన కేకలు మా వీధంతా విన్నది, మీరొక్కరు తప్ప. నలభై ఏళ్లు లేతు పక్కన, రైసుమిల్లుల మధ్య గడిపిన చెవులు మరి. ఫోనులో అక్షరాలు పంపితే ఈగలు పాకినట్టుంటాయంటారు. అందుకే ఇలా పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాస్తున్నాను. పోస్టుమాస్టరుగారు కవరు చూసి, "ఏవమ్మా, ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా అండీ?" అని నవ్వారు.

అసలు సంగతి ఇది. ఆరు నెలలుగా మా ఇంట్లో ఒక వెర్రి పట్టుకుంది. తాతారావు మాస్టారని, ఐటీఐలో ముప్పై ఏళ్లు లేతు మీద ఇనుముని తిప్పి కోసే పని నేర్పి రిటైరయిన ఆయన, యూట్యూబులో పాఠాలు పెడుతున్నారు. ఆయన ముఖం ఎప్పుడూ చూపించరు. చేతులు, లేతు, ఇనుము, అంతే. "చూడండి బాబూ" అంటూ మొదలుపెడతారు. నూట ఎనభై పాఠాలున్నాయి. అన్నీ అయిపోయాయి. కొన్ని మూడేసిసార్లు. ఆయన మరీ నిదానంగా మాట్లాడతారని వేగం పెంచి చూస్తుంటే మావారు జీవన్ విని, "ఆయన పాఠం చెప్తున్నాడా, రైలు తప్పిపోతుందని పరిగెడుతున్నాడా?" అంటారు.

ఉల్లిపాయల మార్కెట్ వెనక సందులో మీ కొట్టు, మీరు కూతురింటికి వెళ్లినప్పట్నుంచీ, రెండేళ్లుగా మూసి ఉంది కదా. లోపల మీ లేతు ఊరికే ఉంది. మీ అబ్బాయి నెల్సన్ బావ దాన్ని ఆకివీడు తీసుకెళ్లి, చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల పనికి పెట్టుకుంటారని విన్నాను. విన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. కుట్టుమిషను దగ్గర కూర్చుని ఒకరి జాకెట్టుకి రెండు చేతులూ తిరగేసి కుట్టేశాను. లేతు వెళ్లేలోగా మేము దాని మీద చెయ్యి తిప్పుకోవచ్చా? తాళంచెవి కొట్టు ఎదురుగా టీ బడ్డీ పాపాయమ్మగారి దగ్గర ఉందట. మీరు ఊఁ అంటే ఇస్తానంది.

జీవన్ కూడా అడగమన్నారు. విక్టోరియా వదినకి వందనాలు.

మీ మేనకోడలు,
పెర్సిస్

~

కైకలూరు దగ్గర, చెరువుల గట్టు మీంచి,
14 సెప్టెంబరు

పెర్సిస్‌కి,

దేవుడు నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలి.

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకి విక్టోరియా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. వీడియో చూసి లేతు నేర్చుకోవడమా! వీడియో చూసి ఈత నేర్చుకున్నవాణ్ణి తెచ్చి మా కొల్లేరులో దింపండి, చూద్దాం. ఆ మాస్టారెవరో ఇనుము వాసన చూపించగలడా? టూలు మొద్దుబారినప్పుడు పిడిలో వచ్చే వణుకు చూపించగలడా?

అయినా సంతోషం. ఎందుకంటావా? జీవన్‌కి బుద్ధొచ్చింది. రెండేళ్లు నా దగ్గర పనిచేసి, చెయ్యి తిరుగుతుందనగా చేపల మేత వ్యాను ఎక్కి పోయినవాడు. ఇన్నాళ్లకి మళ్లీ లేతు గుర్తొచ్చిందన్నమాట. తాళంచెవి తీసుకోమను. మెడలో తువ్వాలు ఉండకూడదు, పొడుగు చేతుల చొక్కా వేసుకోకూడదు, ఇనుముని పట్టి తిప్పే చక్‌లో కీ వదిలేసి స్విచ్ నొక్కకూడదు. మిగతావన్నీ వాడికి తెలుసు. నేను మళ్లీ రాయక్కర్లేదు.

నెల్సన్ అడిగిన మాట నిజమే. వాడికీ అవసరమే, తప్పుపట్టను. క్రిస్మస్‌లోపు తీసుకెళ్తానన్నాడు. జీవన్ ఆలోగా ఒక్క పెద్ద పని సరిగ్గా చేసి చూపిస్తే లేతు కదలదు, అక్కడే ఉంటుంది. చూపించకపోతే ఆకివీడు పోతుంది. ఇది నా మాట.

ఇక్కడ నాకు ఏమీ తోచడం లేదు. పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా గట్టు మీద అటూ ఇటూ తిరగడం. చుట్టూ చెరువులే. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, నాకు చప్పుడు వినపడదు. చేతులు ఊరికే ఉంటే నాకు జ్వరం వచ్చినట్టుంటుంది.

మావయ్య,
రాజరత్నం

~

తాడేపల్లిగూడెం,
20 సెప్టెంబరు

మావయ్యగారూ,

మీరు పొరబడ్డారండీ. లేతు నేర్చుకుంటున్నది జీవన్ కాదు. నేను.

జీవన్‌కి ఆ వాసనంటేనే పడదు. ఆయనకి వ్యానూ, అందులో పాటలూ, దారిలో ఆగి తాగే సోడా, ఇవే ఇష్టం. వీడియోలు చూసింది నేను. పుస్తకంలో బొమ్మలు వేసుకుంది నేను. మీ కొట్టు గుర్తుందా? పన్నెండేళ్లప్పుడు మీకు క్యారేజీ తెచ్చేదాన్ని. లేతు మీంచి ఇనప చుట్టలు నీలంగా మెరుస్తూ కింద పడేవి. ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దామని అడుగు ముందుకేస్తే, "గడప దాటకు" అని అరిచేవారు. ఐదేళ్లు తెచ్చాను క్యారేజీ. ఐదేళ్లూ గడప బయటే. ఇప్పుడు నాకు ముప్పై ఆరు. కుట్టు పని తిండి పెడుతోంది, కాదనను. కానీ నాకు కావలసింది అది కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

ఇది చదివితే మీరు తాళం ఇవ్వొద్దంటారు. నాకు తెలుసు.

పెర్సిస్

(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు. కుట్టుమిషను సొరుగులో ఉండిపోయింది.)

~

తాడేపల్లిగూడెం,
29 సెప్టెంబరు

మావయ్యగారికి నమస్కారాలు.

కొట్టు తెరిచామండీ! తలుపు తీయగానే రెండు పిల్లులు మేమే దొంగలమన్నట్టు మమ్మల్ని చూశాయి. లేతు మీద మీరు పూసి వెళ్లిన గ్రీజు అట్టకట్టి ఉంది. కిరసనాయిలుతో మూడు రోజులు తుడిచాం. కోసేటప్పుడు ఇనుము మీద చల్లనీళ్లు పోసే పంపు ఎప్పుడో చచ్చిపోయిందట కదా. తాతారావు మాస్టారి లేతుకీ పంపు లేదు, ఆయనా పొడిగానే కోస్తారు. కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం.

మొదటి ఇనప చుట్ట ఊడి కింద పడినప్పుడు ఒళ్లంతా జల్లుమందండీ. అదొక డబ్బాలో దాచాను.

ఒక సందేహం. కోస్తుంటే ఇనుము అదిరిపోతోంది, మీద నీళ్ల అలల్లా గీతలు పడుతున్నాయి. మాస్టారి పాఠంలో ఇది ఏ మూల ఉందో దొరకలేదు. ఎందుకంటారు?

అన్నట్టు, పాపాయమ్మగారు మీ గుట్టు బయటపెట్టింది. "మీ మావయ్యగారు ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చునేవోరండి. కోతయ్యింది పాపాయమ్మా, ఇంక టీ అవ్వాలి అనేవోరు. ఇంక గంటసేపు కదిలేవోరు కాదండి బాబూ!" అని. పని మధ్యలో గంటేసి సేపు టీ తాగేవారన్నమాట! మాకు మాత్రం చిన్నప్పుడు, చేతిలో పని ఉండగా కూర్చుంటే మీకు ఒళ్లు మండుతుందని చెప్పేవారు. దొరికిపోయారు.

వదినకి చెప్పండి, ఆవిడ అడిగిన జాకెట్టు పూర్తయింది.

పెర్సిస్

~

గట్టు మీంచి,
5 అక్టోబరు

పెర్సిస్‌కి ఆశీస్సులు.

టూలు దాని పట్టులోంచి మరీ బయటికి వచ్చి ఉంటుంది. లోపలికి తోసి బిగించమను. అంత చిన్న సంగతి జీవన్ అడిగాడా? వ్యాను తోలితోలి అంతా మర్చిపోయినట్టున్నాడు. అయినా ప్రతిసారీ నీ చేత రాయిస్తాడేం? వాడికి చెయ్యి లేదా? నాకు భయపడుతున్నాడు కాబోలు. భయపడనీ, మంచిదే.

టీ మాటకి వస్తే, నువ్వు ఎగతాళి చేయి, ఫరవాలేదు. ఎందుకు తాగేవాణ్ణో జీవన్‌ని అడుగు. రెండేళ్లు నా పక్కన ఆ బల్ల మీదే కూర్చున్నాడు, వాడే చెప్తాడు.

ఒక కబురు. ఉంగుటూరులో రైసుమిల్లు సుబ్బరాజుగారు తెలుసుగా. ఆయన మిల్లుని తిప్పే పాత షాఫ్టు, అదే ఇరుసు, అరిగిపోయింది. కోతలు మొదలయ్యేలోపు కొత్తది కావాలట. విక్టోరియా చేత ఫోను చేయించి, మావాడు చేస్తాడని చెప్పాను. బేరింగు కూర్చునే చోటు యాభై మిల్లీమీటర్లు. దాని మీద, మిల్లీమీటరుని నూరు భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం ఎక్కువ ఉండాలి. అంతకు తగ్గకూడదు. తగ్గితే బేరింగు షాఫ్టుని పట్టుకోదు, దాని మీద గిరగిరా తిరుగుతుంది. నేను చెప్పిన పెద్ద పని ఇదే అనుకోమను.

నిన్న పక్క చెరువువాళ్ల ఏరేటరు ఆగిపోతే వెళ్లి బాగుచేశాను. గేరుపెట్టె మీద అరచెయ్యి పెడితే చాలు, లోపల ఏ పన్ను విరిగిందో తెలిసిపోయింది. వాళ్లు కొర్రమీను ఇచ్చారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. తెల్లారేసరికి మళ్లీ మామూలే.

రాజరత్నం

~

తాడేపల్లిగూడెం,
16 నవంబరు

మావయ్యగారికి, సంతోషంతో పెర్సిస్.

అయిపోయిందండీ! సుబ్బరాజుగారి షాఫ్టు నిన్న పూర్తయింది.

నెల రోజులు తుక్కు ఇనుము మీద సాధన చేశాక గానీ దాన్ని ముట్టుకోలేదు. పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే మూడున్నరకి ఆఖరి కోత. అన్నం కూడా తినలేదు. ఆకలి తెలిస్తే కదా! తాతారావు మాస్టారి నూట పన్నెండో పాఠం పక్కన ఫోనులో పెట్టుకుని, ఆయన ఏది చేస్తే అది. ఆయన కోత ఆపగానే కొలవడానికి మైక్రోమీటరు తీస్తారు. ఇక్కడా అంతే. షాఫ్టు అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతుంటే గుడ్డతో పట్టుకుని కొలత తీశాం. యాభై మీద ఒక్క నూరో వంతు. మీరు చెప్పింది చెప్పినట్టు! గట్టిగా అరిస్తే పాపాయమ్మగారు టీ గిన్నె పొయ్యి మీదే వదిలేసి వచ్చింది.

ఇవాళ సుబ్బరాజుగారి మనిషి వచ్చి తీసుకెళ్లాడు. ఉంగుటూరు వైపు దారి పొడవునా కోతలేనట, మిల్లు దగ్గర ధాన్యం బళ్లు వరస కట్టాయట.

ఇక లేతు కదలదు కదండీ? నెల్సన్ బావకి మీరే చెప్పండి, నాకు మొహమాటం. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. తర్వాత పని ఏమిటి, ఇంకేమైనా చెప్పండి.

పెర్సిస్

~

20 నవంబరు

పెర్సిస్,

నీ ఉత్తరమూ, సుబ్బరాజుగారి కబురూ ఒకే పూట వచ్చాయి.

ఆ షాఫ్టు మీద బేరింగు వదులైపోయింది. రెండు రోజులు తిరిగి, ఎర్రగా కాలి, మిల్లు ఆగింది. కోతల రోజుల్లో రెండు రోజులు ఆగింది. వాకిట్లో ధాన్యం బళ్లు నిలబడిపోయాయి. ఎవరో ముసలాయన రెండు పూటలూ బండి కిందే పడుకున్నాడట, మబ్బు పట్టిందని. సుబ్బరాజుగారు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పారని ఇచ్చామండి రాజరత్నంగారూ" అన్నారట, అంతే. తిట్టినా బాగుండేది. నలభై ఏళ్లలో నా పేరు మీద మిల్లు ఆగడం ఇదే మొదలు.

గుడ్డతో పట్టుకుని కొలిచాడా! జీవన్ రెండేళ్లు నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా? వేడి మీదున్న ఇనుము ఉబ్బి ఉంటుందని, చల్లారాక తగ్గుతుందని వాడికి తెలియదా? తెలిసీ తొందరపడ్డాడా? అలాంటివాడికి లేతు ఇస్తే రేపు మనిషి ప్రాణం తీస్తాడు.

30వ తేదీ ఆదివారం నెల్సన్ లారీ తెస్తాడు. కొట్టు శుభ్రం చేసి తాళం పాపాయమ్మకి ఇచ్చెయ్యండి. జీవన్ ముఖం నాకు చూపించొద్దను.

రాజరత్నం

~

తాడేపల్లిగూడెం,
24 నవంబరు

మావయ్యగారికి,

ఏమని మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. జీవన్‌ని ఏమీ అనకండి. ఆయన ఆ లేతు చక్ కీ కూడా ముట్టుకోలేదు. షాఫ్టు చేసింది నేను. మొదటి నుంచీ నేనే.

ఈ కవర్లో ఇంకో ఉత్తరం పెట్టాను. సెప్టెంబరు ఇరవై నాటిది. చదవండి. అప్పుడే పంపాల్సింది. మీరు జీవన్ అనుకున్నారు, నేను అనుకోనిచ్చాను. "నిజం చెప్పేద్దువే బాబూ, మీ మావయ్య ఎదురుపడితే నాకు చెమటలు పడతన్నాయి" అని జీవన్ ఎన్నిసార్లు అన్నారో! షాఫ్టు పూర్తయ్యాక చెప్తాను, అప్పుడు కాదనలేరు అన్నాను.

టీ ఎందుకో జీవన్‌ని అడగమని మీరు రాశారు. అడగలేదు. మీరు సరదాకి రాశారనుకున్నాను. మీ ఆఖరి ఉత్తరం వచ్చాక అడిగాను. ఆయన నెత్తి కొట్టుకున్నారు. "టీ కాదే అది, షాఫ్టు చల్లారడానికి! నువ్వు ఇన్ని వీడియోలు చూశావు, తెలుసనుకున్నాను" అన్నారు. ఆయనకి తెలుసు కదా అని మీరు రాయలేదు. నాకు తెలుసు కదా అని ఆయన చెప్పలేదు. నాకు మాత్రం తెలియదు.

తాతారావు మాస్టారి మీద పట్టలేని కోపం వచ్చి, పాఠం కింద రాశాను: "మీరు కోత ఆపగానే కొలిచారు. నేనూ అలాగే కొలిచాను. మిల్లు ఆగింది. ఎందుకు చెప్పలేదండీ?" అని. ఆయన సాయంత్రానికల్లా జవాబు ఇచ్చారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మా, కోతకీ కొలతకీ మధ్య గంట ఆగాను. ఆ గంటా వీడియోలోంచి తీసేశాను. ఊరికే ఉన్న ఇనుముని ఎవరు చూస్తారులే అనుకున్నాను. నాదే పొరపాటు. ఆ మిల్లువారికి నా తరఫున కూడా క్షమాపణ చెప్పు."

మాస్టారు మర్నాడే కొత్త పాఠం పెట్టారు. షాఫ్టు లేతు మీద ఊరికే ఉంటుంది, యాభై నిమిషాలు, అంతే. మధ్యలో ఒకసారి ఆయన దగ్గినట్టు వినపడింది. పదకొండుమంది చూశారు. నేను వేగం పెంచకుండా చూశాను. మధ్యలో నాలుగుసార్లు లేచి వెళ్లబోయి మళ్లీ కూర్చున్నాను.

సుబ్బరాజుగారి మిల్లుకి నిన్న వెళ్లాను. క్షమించమని అడిగాను. బళ్ల దగ్గర నిలబడ్డవాళ్లంతా నా వైపు చూస్తుంటే భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ ముసలాయన మాత్రం, "ఆడమనిషివి, ఇనుము కోత్తావా అమ్మా?" అని నోరు తెరిచారు.

కొట్టు శుభ్రం చేశాను. తాళం ఇచ్చేశాను. లేతుకి గ్రీజు పూశాను. ఏడుపొచ్చింది, పూసినంతసేపూ ఏడ్చాను. అబద్ధం ఆడినందుకు క్షమించండి. ఇనుము కోసినందుకు మాత్రం క్షమించమని అడగను.

పెర్సిస్

~

గట్టు మీంచి,
28 నవంబరు

అమ్మా పెర్సిస్,

రెండు ఉత్తరాలూ చదివాను. చదివి గట్టు మీదికి వెళ్లాను. విక్టోరియా అన్నానికి పిలవడానికి వచ్చేదాకా అక్కడే తిరిగాను.

నువ్వని తెలిసుంటే మొదటి ఉత్తరంలోనే ఆ టీ సంగతి రాసేవాణ్ణి. ఏమీ తెలియనివాళ్లకి నేను మొదట చెప్పేది అదే. చేసేది జీవన్ అనుకుని వదిలేశాను. నీ అబద్ధం నీదే, అది తేలిక చేయను. నీ దగ్గర పని చేయించుకునేవాళ్లు నిన్ను నమ్మి ఇస్తారు. కానీ మిల్లు ఆగడంలో నా వంతు నాకుంది.

నిన్న రాసిన మాటలు... కాదు, ఇరవయ్యో తేదీన రాసినవి, వేడి మీద కొలిచిన కొలతలే అనుకో. ముఖం చూపించొద్దన్నది జీవన్‌ని కదా, పాపం వాడేం చేశాడు! వాడిని రమ్మను. కొర్రమీను పులుసు పెట్టిస్తాను.

ఇంక గడప సంగతి. నేను ఏలూరులో పని నేర్చుకునేటప్పుడు నా పక్కవాడి మెడలో తువ్వాలు చక్‌కి చుట్టుకుంది. బతికాడు గానీ మెడ నిలబెట్టలేకపోయాడు. ఆ తర్వాత నీ జడ చూస్తే నాకు భయం వేసేది. అది నిజం. అదొక్కటే నిజం కాదు. నీకు పదిహేనేళ్లప్పుడు మీ అమ్మ సుందరమ్మ వచ్చి, "దానికి ఇష్టంగా ఉందన్నయ్యా, జడ ముడేసి పంపుతాను, నేర్పరాదా" అని అడిగింది. ఆడపిల్లకెందుకే అన్నాను. జడ ముడేస్తానన్నాక ఇంక నాకు భయమెందుకు? అప్పుడు అన్నది భయం కాదు, తలపొగరు. మీ అమ్మ ఆ మాట నీకు చెప్పకుండానే పోయింది. నేనే చెప్పాల్సివచ్చింది. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు విను. లారీ ఆపించాను. ఎల్లుండి కాదు, ఏడో తేదీ ఆదివారం వస్తుంది. సుబ్బరాజుగారు పాత షాఫ్టుకే అతుకు వేయించి మిల్లు నడుపుతున్నారు, పది రోజులు లాగుతుంది. విక్టోరియా చేత ఆయనకి ఇలా చెప్పించాను: "చేసింది మా మేనకోడలు. రెండోది కూడా అదే చేస్తుంది. చెప్పేది నేను." ఆయన ఇనుము పంపిస్తానన్నారట.

ఆఖరి కోతకి ముందు కోత అయ్యాక లేతు ఆపు. ఎదురుగా వెళ్లి పాపాయమ్మ బల్ల మీద కూర్చో. టీ తాగు. ఇంకోటి తాగు. షాఫ్టు మీద చెయ్యి పెడితే వేడీ చల్లదనమూ ఏదీ తెలియకూడదు, నీ చెయ్యి ఎంతో అదీ అంతే ఉండాలి. అప్పుడు కొలువు. మిగిలిన ఆ పలచటి పొర అప్పుడు తియ్యి. గంట తక్కువైతే ఒప్పుకోను.

బేరింగు చేత్తో నెడితే ఎక్కకూడదు. నూనెలో వేడి చేస్తేనే ఎక్కాలి, ఎక్కాక రాకూడదు. ఏడో తేదీన నెల్సన్ లాగి చూస్తాడు. వచ్చిందా, లేతు వాడిది. దీంట్లో మేనకోడలని చూడను.

మావయ్య

~

తాడేపల్లిగూడెం, పాపాయమ్మగారి బల్ల మీంచి,
5 డిసెంబరు, మధ్యాహ్నం రెండూ ఐదు

మావయ్యగారూ,

ఆఖరికి ముందు కోత అయింది. లేతు ఆపేశాను. జడ ముడి వేసి, జీవన్ పొట్టి చేతుల చొక్కాలో ఉన్నాను. మార్కెట్‌కి వచ్చే ఉల్లిపాయల లారీలవాళ్లు వింతగా చూసి పోతున్నారు. చూడనీ.

మీరు రాసినట్టే కూర్చున్నాను. కూర్చోవడం ఇంత కష్టమైన పనని ఎవరూ చెప్పలేదు. చేతులు ఆగడం లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. షాఫ్టు చల్లారేదాకా రాస్తాను.

రెండూ ఇరవై. వెళ్లి ముట్టుకున్నాను. కాలుతోంది. వచ్చేశాను. "అప్పుడేనా అండీ? మీ మావయ్యగారైతే ఈపాటికి మొదటి టీ సగం కూడా తాగేవోరు కాదు" అని పాపాయమ్మగారు కసురుకుంది. ఈవిడ నలభై ఏళ్లు మిమ్మల్ని చూసి సగం లేతు పని నేర్చేసుకున్నట్టుంది.

అమ్మ అడిగిందన్న సంగతి చదివి చాలాసేపు కోపంగా ఉన్నానండీ. మీ మీద. నాకు చెప్పనందుకు అమ్మ మీద కూడా. ఇరవయ్యొక్క ఏళ్లు తక్కువ కావు కదా. ఆ కోపం ఇంకా మొత్తం పోలేదు. పోయిందని రాస్తే మళ్లీ అబద్ధమవుతుంది. కానీ అమ్మ అడిగింది. నా కోసం మీ గడప దగ్గర నిలబడి అడిగింది. అది తెలిసినందుకు చాలా బాగుంది.

రెండూ నలభై. ఇప్పుడే ఇస్త్రీ చేసిన జాకెట్టంత వెచ్చగా ఉంది. కొలిచేద్దామని చెయ్యి మైక్రోమీటరు దాకా వెళ్లింది. వెనక్కి తెచ్చుకున్నాను. రెండో టీ చెప్పాను.

తాతారావు మాస్టారికి మీ గురించి రాశాను. "మీ మావయ్యగారి పద్ధతి మంచిది, టీ మాట నా పాఠంలో పెట్టుకోవచ్చా?" అని అడిగారు. మీరు ఒప్పుకుంటే చెప్తాను. ఆయన చల్లారే షాఫ్టు పాఠాన్ని ఇప్పటికి ముప్పైసార్లు చూశారట. అందులో ఆరుసార్లు నేనే.

మూడు. కాస్త వెచ్చన ఉందో, నా చెయ్యే వెచ్చన ఉందో తెలియడం లేదు. కుళాయి కింద చేతులు కడుక్కుని మళ్లీ చూడాలి. ఇంకో పదిహేను నిమిషాలు కూర్చుంటాను.

మూడుంపావు. నా చెయ్యి ఎంతో అదీ అంతే ఉంది. వెళ్తున్నాను.

7 డిసెంబరు, ఆదివారం

ప్రార్థన అవగానే గుడి నుంచి నేరుగా కొట్టుకి వచ్చాం. నెల్సన్ బావ లారీ సందు మొదట్లోనే ఆపి వచ్చారు. సుబ్బరాజుగారు కూడా వచ్చారు. పాపాయమ్మగారి పొయ్యి మీద నూనెలో బేరింగు కాచి, షాఫ్టుకి ఎక్కించి, ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదన్నాను. అందరికీ టీ ఇప్పించాను. గంట కూర్చోబెట్టాను. సుబ్బరాజుగారు మూడుసార్లు వాచీ చూసుకున్నారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాత నెల్సన్ బావ లాగారు. కాలు గోడకి ఆనించి లాగారు. జీవన్ కూడా ఒక చెయ్యి వేశారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి గానీ బేరింగు వెంట్రుకవాసి కదల్లేదు. "ఇంక లారీ ఖాళీగానే తీసుకెళ్తానమ్మా" అని బావ నవ్వారు. ఆయనకి కావలసిన ఏరేటర్ల షాఫ్టులన్నీ నేనే చేసిస్తానని మాటిచ్చాను.

వచ్చే ఆదివారం జీవన్ వ్యాను తెస్తారు. మీరు బయల్దేరి రండి. చెవులు వినకపోతే ఏం, లేతు తిరుగుతుంటే దాని మీద అరచెయ్యి పెట్టి చూద్దురుగాని. నేను కోస్తాను, తప్పు ఎక్కడుందో మీరు చెప్పండి. తువ్వాలు మాత్రం పాపాయమ్మగారి బల్ల మీద వదిలేసి రండి.

గడప దగ్గర ఆగకండి మావయ్యా. లోపలికి రండి.

మీ
పెర్సిస్